నాలుగు లెక్కపెట్టే చోటు

ఎముకల ఆసుపత్రి, మూడో వార్డు,
కిటికీ పక్క మంచం.
సోమవారం.

అక్కా,

నిన్న నా ముందు నిలబడి, బండి నడపడం చేతకానివాడికి బండెందుకని అరగంట తిట్టావు. నువ్వు వెళ్ళాక నర్సమ్మ వచ్చి, "మీ అక్కగారు కింద మెట్ల మీద కూర్చుని ఒకటే ఏడుపు" అంది. తిట్లు నాకూ ఏడుపు మెట్లకూ పంచావన్నమాట. ఇకమీదట రెండూ నాకే ఇవ్వు.

డాక్టరు మూడు నెలలు మంచం దిగొద్దన్నాడు. తొడ నుంచి పాదం దాకా కట్టు కట్టి, కుడికాలిని పైకెత్తి వేలాడదీశారు. నొప్పి సంగతి వదిలెయ్. నా ప్రాణమంతా మా బృందం రికార్డింగ్ మీదే ఉంది. ఇంకా పది వారాలే ఉంది. స్టూడియోవాళ్ళు నాలుగు పాటలకి ఒక్క పూటే ఇచ్చారు. రెండుసార్లు తప్పితే ఆ పాట తీసేస్తారట. తొమ్మిదేళ్ళు నీ దుకాణం వెనక గదిలో నీ చెవులు చిల్లులు పడేలా డ్రమ్ములు వాయించింది ఈ ఒక్క రోజు కోసమే.

మా గిటార్ వాడు, పొడుగోడు, సాయంత్రం వచ్చి, "నువ్వేం బెంగ పెట్టుకోకు, ఎవరినో ఒకరిని చూసుకుంటాంలే" అని ధైర్యం చెప్పి పోయాడు. అప్పట్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. ఆ ఎవరో ఒకరు ఎవరో నాకు తెలుసు. బడిలో డ్రిల్లు చెప్పే మాస్టారు. మూడేళ్ళ కిందట ఇంకో బృందంలో డ్రమ్మర్‌కి జ్వరమొస్తే వారం రోజులకని వెళ్ళి కూర్చున్నాడు. ఇప్పటికీ లేవలేదు. ఆ జ్వరమొచ్చినవాడు ఇప్పుడు హాలు గుమ్మంలో టిక్కెట్లు చింపుతున్నాడు.

డ్రమ్ముల వెనక ఉండేది ఒక్కటే స్టూలు అక్కా. దాని మీద ఇంకొకడు కుదురుకున్నాడంటే నా పని అయిపోయినట్టే.

అందుకని అడుగుతున్నాను, నవ్వకు. నువ్వు కూర్చో. నాలుగు పాటలూ నీకు నోటికొచ్చు. నేను లేనప్పుడు నా డ్రమ్ముల కిట్ వాయించేది నువ్వేనని పక్కింటి పళ్ళ డాక్టరమ్మ ఎప్పుడో నా చెవిన వేసింది. నువ్వు కూర్చుంటే స్టూలు మన ఇంట్లోనే ఉంటుంది. నేను ఊతకర్ర పట్టుకుని గుమ్మంలోకి రాగానే లేచి ఇచ్చేస్తావు. నువ్వు తప్ప ఎవరిస్తారు?

ఇక్కడ ఫోను నర్సమ్మ బల్ల మీద ఉంది. మూడు నిమిషాలకి మించి మాట్లాడనివ్వరు, పైగా వార్డంతా చెవులప్పగించి వింటుంది. అందుకే పాఠాలన్నీ ఉత్తరాల్లోనే. ఇదిగో మొదటిది. కుడికాలి కింద పెద్ద డ్రమ్ముని మోగించే పెడల్. ఎడమచేతి ముందు చిన్న డ్రమ్ము, స్నేర్. దాని పక్కన ఒకదాని మీద ఒకటి బోర్లించిన ఇత్తడి పళ్ళేలు, అవి హై-హ్యాట్. నెమ్మదిగా పైకి లెక్కపెట్టు: ఒకటి-మరి-రెండు-మరి-మూడు-మరి-నాలుగు-మరి. కుడిచెయ్యి 'మరి'తో సహా అన్నిటికీ హై-హ్యాట్ మీద పడాలి. కాలు ఒకటికీ మూడుకీ. ఎడమచెయ్యి రెండుకీ నాలుగుకీ. రాక్ పాటల్లో సగం ఇంతే. మిగతా సగం, తొందరపడకపోవడం.

నీ తమ్ముడు


కుట్టు దుకాణం, వెనక గది.
గురువారం.

ఒరేయ్,

దెబ్బ కాలికే తగిలిందన్నారు. ఆ డాక్టర్ని నీ తల కూడా ఒకసారి చూడమను.

నాకు నలభై మూడేళ్ళు. అమ్మ పోయిన ఏడు కాలిమిషన్ తొక్కడం మొదలుపెట్టి ఇప్పటిదాకా తొక్కుతూనే ఉన్నాను. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. నన్ను తీసుకెళ్ళి ఆ కుర్రకారు మధ్య కూర్చోబెడతావా? జనం ఏమంటారో తర్వాత సంగతి, ముందు ఆ పిల్లలేమంటారు?

అని రాసి, ఈ కాగితం చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఎందుకంటే ఆ పళ్ళ డాక్టరమ్మ చెప్పింది నిజమే. ఒకసారి గదిలో దుమ్ము దులుపుతుంటే చీపురు హై-హ్యాట్‌కి తగిలింది. బాగుంది. రెండోసారి కావాలనే తగిలించాను. ఏళ్ళయింది. నువ్వు నవ్వుతావని చెప్పలేదు.

నిన్న సాయంత్రం మీవాళ్ళు సామాను సర్దడానికి వస్తే అడిగాను. పొడుగోడు పడీపడీ నవ్వాడు. పాడే పిల్ల కంచుగొంతు నోరెళ్ళబెట్టింది. నాలుగు తీగల బేస్ గిటార్ వాయించే మీ మౌని మాత్రం నవ్వలేదు. "కూర్చోనివ్వండి, చూద్దాం" అన్నాడు. అతని గొంతు వినడం నాకదే మొదటిసారి. ఆరు వారాలు గడువిచ్చారు. అప్పటికి నాకు రాకపోతే మాస్టారికి కబురు పెడతారట.

వాయించాను. ఒకటికి కాలు పడితే చెయ్యి మర్చిపోతోంది, చెయ్యి గుర్తొస్తే కాలు ఆగుతోంది. మరి, మరి అని అరిచి అరిచి గొంతు పోయింది. కొలతలివ్వడానికి వచ్చినావిడ "మరి ఏంటండీ?" అని రెండుసార్లు అడిగింది.

మందులు వేసుకో.

అక్క


ఎముకల ఆసుపత్రి, మూడో వార్డు.
బుధవారం.

అక్కా,

నవ్వలేదు. ఒట్టు. చీపురు దగ్గర మాత్రం కాస్త నవ్వాను, కాలు కదిలి ప్రాణం పోయినంత పనైంది.

చేతులూ కాళ్ళూ వేరువేరుగా నేర్పకు. నువ్వు గుడ్డని ఒక చేత్తో తోస్తూ, ఇంకో చేత్తో లాగుతూ, కాలితో తొక్కుతూ, నాతో తగువు పడగలవు. నాలుగు పనులు ఒకేసారి చెయ్యడం నీకు నేను నేర్పాలా? లెక్క నెమ్మదిగా ఉండాలి, అంతే. గడియారం టిక్కుకి ఒక అంకె. అదే వేగంలో తప్పు లేకుండా వందసార్లు వచ్చేదాకా వేగం పెంచకు. నేర్చుకునేవాళ్ళంతా ఇక్కడే బోల్తా పడతారు. వచ్చినట్టనిపించగానే పరుగెడతారు.

రెండో పాటలో కాలు మూడుకి కాకుండా దాని తర్వాతి 'మరి'కి పడాలి. అదొక్కటే తేడా. కానీ ఆ ఒక్క తేడాకే పాట లేచి నిలబడుతుంది.

ఎలా వస్తోందో ఉన్నదున్నట్టు రాయి. నా దగ్గర ఏదీ దాచకు.

తమ్ముడు


కుట్టు దుకాణం.
ఆదివారం.

తమ్ముడూ,

ఉన్నదున్నట్టు రాయమన్నావు కదా, విను. చేతులు దారికొచ్చాయి. కాలు నా మాట వినడం లేదు. ఒక్క దెబ్బ వెయ్యమంటే రెండు వేస్తోంది. దుమ్ అనాల్సిన చోట దుదుమ్ అంటోంది. ఎందుకో నాకు నిన్న తట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు మిషన్ తొక్కిన కాలిది. మిషన్ పలక మీద మడమా వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి ఊగుతాయి. పెడల్ మీద పెట్టినా అదే ఊపు. మడమ ఒక దెబ్బ, వేళ్ళు ఒక దెబ్బ. ఆపుదామంటే కాలు మొత్తం ఆగిపోతోంది.

గడువు ఇంకా వారమే. ఏం చెయ్యమంటావు?

మూడో పాట మధ్యలో అందరూ ఒక్కసారిగా ఆగిపోయి, నాలుగు లెక్కపెట్టి, మళ్ళీ ఒక్కసారిగా దిగే చోటుంది చూడు. అక్కడ ముగ్గురూ నా మొహమే చూస్తారు. నా డ్రమ్ము కర్ర లేస్తేనే వాళ్ళ చేతులు లేస్తాయి. ముగ్గురు మనుషులు నా చెయ్యి లేవడం కోసం ఊపిరి బిగబట్టి ఆగడం నా జన్మలో ఎరగను రా.

అక్క


ఎముకల ఆసుపత్రి, మూడో వార్డు.
మంగళవారం.

అక్కా,

ఆ దుదుమ్ వెంటనే మానెయ్. అది తప్పు. నా పాటల్లో ఎక్కడా జోడుదెబ్బ లేదు. మడమ పైకెత్తి ఉంచు, వేళ్ళ మీదే తొక్కు. మడమ దిగకుండా ఉండాలంటే నీ గుండుసూదుల దిండు దాని కింద పెట్టుకో. రెండు రోజుల్లో దారికొస్తుంది. మొరటుగా చెప్పాననుకోకు, గడువు వారమే అన్నావు.

ఎల్లుండి కట్టు విప్పి చూస్తారట. అంతా బాగానే ఉంటుంది.

తమ్ముడు


కుట్టు దుకాణం.
శనివారం.

తమ్ముడూ,

దిండు పెట్టాను. రెండుసార్లు గుచ్చుకుంది. తర్వాత తీసేశాను.

గడువు గడిచింది. మాస్టారికి కబురు పెట్టడం లేదట. రికార్డింగ్‌కి నేనే. నీకు నిశ్చింతే కదా.

పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. బడి దుస్తులు వంద దాకా కుట్టాలి. ఈ ఆదివారం రాలేను, ఏమనుకోకు. నీ కాలు ఎలా ఉందో రాయలేదు. కట్టు విప్పాక డాక్టరు ఏమన్నాడు?

అక్క


ఎముకల ఆసుపత్రి, మూడో వార్డు.
గురువారం.

అక్కా,

కాలు బాగానే ఉంది. ఎముక అతుక్కుందన్నాడు.

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. నన్ను తిట్టను కూడా లేదు. మావాళ్ళు ఏమంటున్నారు? నీ కాలు దారికొచ్చిందా? నాలుగో పాట చివర వేగం ఎవరు పట్టుకుంటున్నారు, నువ్వా, పొడుగోడా? ఒక్క సంగతీ రాయవేం?

తమ్ముడు


కుట్టు దుకాణం.
మంగళవారం.

తమ్ముడూ,

అంతా బాగానే జరుగుతోంది. వాళ్ళు పిల్లలు, ఏదో ఒకటి అంటూనే ఉంటారు. నాలుగో పాట నేనే పట్టుకుంటున్నాను. నువ్వు మనసు పాడు చేసుకోక విశ్రాంతి తీసుకో. మొన్నాదివారం నేను వచ్చేసరికి నిద్రపోతున్నావు, లేపలేదు. పళ్ళు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

అక్క


ఎముకల ఆసుపత్రి, మూడో వార్డు.
ఆదివారం, రికార్డింగ్‌కి ఇంకో వారం.

ప్రియమైన అక్కకి,

నిన్న పొడుగోడు వచ్చాడు. గంటసేపు కూర్చున్నాడు. నిన్ను తెగ మెచ్చుకున్నాడు. నీ జోడుదెబ్బ వింటే ఒళ్ళు పులకరిస్తుందట. అది తీసెయ్యొద్దని వాళ్ళే అన్నారట కదా, మూడు వారాల కిందటే. ఇంకా ఏవేవో చెప్పాడు. నాకు చాలా సంతోషమైంది. నువ్వే చెప్పి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి. సరే, పనిలో మర్చిపోయి ఉంటావు.

ఇది ఆఖరి పాఠం, జాగ్రత్తగా చదువు. మూడో పాటలో అందరూ ఆగే చోటు. రిహార్సల్లో నాలుగు లెక్కపెట్టి దిగుతాం, నిజమే. కానీ రికార్డు చేసే రోజున రెండు లెక్కలకే దిగాలి. పోయినేడు ఇంకో చోట రికార్డు చేసినప్పుడు అలాగే దిగాను. మా నలుగురికీ అది అలవాటే. ఆ రోజుకి వాళ్ళు దానికోసమే కాచుకుని ఉంటారు. ఒకటి, రెండు, వెంటనే కర్ర దించెయ్. గట్టిగా.

ఈ సంగతి ఎవర్నీ అడగొద్దు. అడిగితే ఇంత చిన్న విషయం కూడా తెలియదా అనుకుంటారు, నీకే చిన్నతనం. నా మాట మీద నమ్మకముంచి వాయించు.

నీ మేలు కోరే
తమ్ముడు


ఎముకల ఆసుపత్రి, మూడో వార్డు.
శుక్రవారం. ఎక్స్‌ప్రెస్ పోస్టు.

అక్కా,

మూడో పాటలో నాలుగే లెక్కపెట్టు. నాలుగు. నేను రాసింది అబద్ధం. ఎప్పుడూ ఎక్కడా రెండుకి దిగలేదు. రెండుకి దిగితే ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడే నోళ్ళు తెరుచుకుని ఉండిపోతారు, పాట పోతుంది, నీ పరువు పోతుంది. అందుకే రాశాను. నువ్వు అందరి ముందూ తప్పాలని రాశాను.

పొడుగోడు ఇంకా ఏవేవో చెప్పాడని రాశాను కదా. నేను తిరిగొచ్చినా సరే, స్టూలు మీద నువ్వే ఉండాలనుకుంటున్నారట. "మీ అక్కతో మాట్లాడేశాం, నీకు చెప్పిందనుకున్నానే" అన్నాడు. వాడు వెళ్ళేదాకా నవ్వుతూనే ఉన్నాను. తర్వాత వాడు తెచ్చిన పళ్ళ సంచీ తీసి కిటికీలోంచి పారేశాను.

నేనూ దాచాను. ఎముక అతికింది గానీ చీలమండ బిగుసుకుపోయింది. పాదం పైకీ కిందికీ ఆడటం లేదు. నడుస్తావు, పెడల్ మాత్రం మునుపటిలా తొక్కలేవు అన్నాడు డాక్టరు, కట్టు విప్పిన రోజే. నీకు రాస్తే నువ్వు జాలిపడి స్టూలు పదిలంగా ఉంచుతావో, ఇక వాడు రాడులే అని నిజంగానే కుదురుకుంటావో తేల్చుకోలేక నోరు మూసుకున్నాను. నాకు మిగిలింది ఆ స్టూలు ఒక్కటే అక్కా. దాని మీద నువ్వు కూర్చున్నావని తలుచుకుంటే నా కడుపు మండింది. నిన్ను కూర్చోమని బతిమాలింది నేనే అయినా సరే.

ఉత్తరం పోస్టులో పడ్డాక ఐదు రోజులు సరిగ్గా తిండి దిగలేదు. నిన్నా ఇవాళా నర్సమ్మ కాళ్ళావేళ్ళా పడి దుకాణానికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. రిహార్సల్లో ఉండి ఉంటావు. ఆ మోతలో నీకేం వినపడుతుంది? పొడుగోడికి చేద్దామంటే ఏమని చెప్పను? మా అక్కని ముంచడానికి తప్పు పాఠం రాశానని చెప్పాలి. చెప్పే ధైర్యం లేకపోయింది. అదీ నా బతుకు.

ఇది రేపటికి అందుతుందని పోస్టాఫీసు వాళ్ళు నర్సమ్మతో అన్నారట. అందాలి.

నాలుగు. నాలుగు లెక్కపెట్టు.

తమ్ముడు


కుట్టు దుకాణం.
మంగళవారం.

తమ్ముడూ,

నీ ఎక్స్‌ప్రెస్ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. రికార్డింగ్ మొన్న ఆదివారమే అయిపోయింది.

ముందుది, ఆ రెండు లెక్కలది, బుధవారమే వచ్చింది. ఎవర్నీ అడగొద్దు అన్న మాట దగ్గర నా చేతిలో కత్తెర ఆగిపోయింది. చిన్నప్పుడు మార్కుల కాగితం చింపినప్పుడు, పంతులుగారిని అడగొద్దక్కా అన్నావు. అద్దం పగలగొట్టిన రోజున, ఎదురింటివాళ్ళని అడగొద్దక్కా అన్నావు. నువ్వు అడగొద్దన్నప్పుడల్లా ఏదో ఒకటి పగిలే ఉంటుంది. నాకు అప్పుడే తెలిసిపోయింది.

తెలిసీ నాలుగు రోజులు నాతో నేనే వాదించుకున్నాను. మందుల మత్తులో ఏదో రాసి ఉంటాడు, నిజంగానే వాళ్ళ అలవాటేమో, వాడు నాకెందుకు కీడు తలపెడతాడు అని. పొడుగోణ్ణి ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగలేదు. అడిగితే నిజం బయటపడుతుంది, పడితే నిన్ను ఏ మొహంతో చూడాలో అని భయపడ్డాను.

ఆ గదిలో గాజు పలక అవతల చెవులకి డిప్పలు పెట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. మొదటి రెండు పాటలూ తొణక్కుండా వచ్చాయి. మూడోది మొదలుపెట్టాం. ఆగే చోటొచ్చింది. ఆగాం. సూది పడితే వినిపించేలా ఉంది. ఒకటి అనుకున్నాను. నీ చేతిరాత కళ్ళ ముందు కదిలింది. రెండు. నా చెయ్యి లేచింది రా. అంతా తెలిసీ లేచింది. నీ మాట అంటే నాకు అంత. కర్ర భుజం దాటింది, పొడుగోడి కళ్ళు పెద్దవయ్యాయి, మౌని తల అడ్డంగా ఊపాడు. అక్కడే బిగబట్టుకున్నాను. మూడు. నాలుగు. దిగాం.

ఆ పాట ఒక్కసారికే చాలన్నాడాయన. బయటికొచ్చాక పొడుగోడు, "ఏంటక్కా, మా గుండెలాగిపోయాయి" అన్నాడు. భుజం పట్టేసిందని చెప్పాను. నీ ఉత్తరం సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పను. వాళ్ళ కళ్ళకి నువ్వు చులకన కావడం నాకిష్టం లేదు. నా కళ్ళకి అయ్యావు. అది పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలీదు.

నా తప్పు కూడా రాస్తాను. స్టూలు నాకే ఉంచేస్తామని వాళ్ళన్న రోజున, వాడొచ్చేదాకానే అని నేను అనాల్సింది. నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆశపడ్డాను. ఆ సాయంత్రమే నీకు రాయాల్సింది, రాయలేదు. నువ్వు నిద్రపోతున్నావని లేపలేదన్నాను చూడు, నువ్వు నిద్రపోవడం లేదు, కళ్ళు తెరిచే పడుకున్నావు. గుమ్మంలోంచి చూసి, పళ్ళు నర్సమ్మకిచ్చి పారిపోయి వచ్చాను.

చీలమండ సంగతి చదివి కుట్టే గుడ్డ పక్కన పెట్టి ఏడ్చాను. ఇంత నొప్పి నువ్వొక్కడివే మోశావా?

అయినా సరే, ఈ మాట రాయక తప్పదు. నువ్వు ఆ ఉత్తరం రాయకపోయి ఉంటే, నువ్వు గుమ్మంలో నిలబడగానే నేను లేచేదాన్ని. వాళ్ళు వద్దన్నా లేచేదాన్ని. నీ కాలు ఆడకపోయినా నిన్నే కూర్చోబెట్టి పక్కన నిలబడేదాన్ని. నీకు ఐదో ఏడప్పట్నుంచీ నీకోసం లేవడమే నాకు అలవాటు. కానీ మొన్న ఆ మూడో లెక్క దగ్గర, లేచిన చెయ్యిని గాల్లో పట్టుకుని నిలబెట్టినప్పుడు, నాకు ఆ స్టూలు ఎంత కావాలో తెలిసింది. ఎవరికోసమో కాదు. నాకే కావాలి. ఇంతకు ముందు దేన్నీ అలా అనుకోలేదు.

ఇవ్వను తమ్ముడూ. కోపంతో అనడం లేదు. బిగుసుకున్న కాలితోనైనా వాయించే దారి వెతుకుదువుగాని, నీకు ఇంకో కిట్ కొందాం, వెనక గదిలో చోటు చేస్తాను, ఎంత సాయమైనా చేస్తాను. అక్కగా అదంతా నా పనే. స్టూలు మాత్రం నాది.

ఆదివారం పొద్దున్నే వస్తాను. నడక మొదలుపెట్టమన్నారట కదా, వరండా చివరిదాకా పట్టుకుని నడిపిస్తాను. మధ్యాహ్నం దాకా ఉంటాను. సాయంత్రం ఉండలేను, రిహార్సల్ ఉంది.

అక్క